బంపరు బోల్టు, అలిగిన బావ

దావూద్ మేస్త్రిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పడు. అడిగినవాడి చేతిలో ఒక పానా పెడతాడు. చీరాలలో పాత కార్లకు మళ్లీ ప్రాణం పోసే ఆయన షెడ్డులో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. పదిహేనేళ్లుగా ఆయన శిష్యరికం చేస్తున్న కోటిలింగానికి మరీ బాగా తెలుసు. అయినా ఆ రోజు ఉండబట్టలేక అడిగాడు.

"గురువుగారూ, బిగుసుకుపోయిన మనిషిని కదిలించడం ఎలాగండీ?"

ఆ మనిషి అతని బావ సాంబయ్య. కోటిలింగం కూతురి పెళ్లి తొమ్మిది రోజుల్లో ఉంది. పర్చూరు వెళ్లి అక్కకు బొట్టుపెట్టి, బావ చేతికి శుభలేఖ ఇవ్వాల్సింది పోయి, హడావుడిలో ఫోనులో పంపేశాడు. సాంబయ్య అలిగాడు. ఆయన రాకపోతే తానూ రానని అక్క కబురు చేసింది. కోటిలింగాన్ని తల్లిలా పెంచిన అక్క. ఆమె లేని పెళ్లిపందిరి తలచుకుంటేనే అతనికి అన్నం సహించడం లేదు. ఇప్పటికి మూడుసార్లు వెళ్లి నచ్చజెప్పాడు. "ఈ రోజుల్లో అందరూ ఫోనులోనే పంపుతున్నారు బావా" అన్నాడు. వెళ్లినకొద్దీ ఆయన ఇంకాస్త బిగుసుకున్నాడు. మూడోసారైతే చదువుతున్న పేపరు దించి మొహం కూడా చూపించలేదు.

మేస్త్రి అంతా విని, ఎదురుగా ఉన్న పాత అంబాసిడర్ వైపు చూశాడు. దాని బంపరు బోల్టులు తుప్పుతో పట్టేశాయి. పొద్దుట్నుంచి కోటిలింగం పానాకు పైపు తొడిగి వాటితో కుస్తీ పడుతున్నాడు. రెండు బోల్టుల తలలు తెగి నేలమీద పడి ఉన్నాయి. పెళ్లి దిగులంతా పాపం ఆ బోల్టుల మీద తీర్చుకున్నాడు.

"ఆ పైపు అవతల పారేసి, దీని సంగతి చూడు" అన్నాడు మేస్త్రి మూడో బోల్టు చూపించి.

కోటిలింగం కిరసనాయిలు పోసి, సుత్తితో నాలుగు తట్లు తట్టి, పానా వేసి ఎడమవైపు లాగాడు. బోల్టు ఉలకలేదు, పలకలేదు.

"కుడికి తిప్పు."

"అది బిగించే వైపు కదండీ?"

"దానికి ఇష్టమైన వైపు. కాస్త పోనీ."

పెద్దాయనకు మతి పోయిందేమో అనుకుంటూనే కోటిలింగం పానాను కుడికి నొక్కాడు. లోపల టిక్కుమని తుప్పు విరిగింది. ఎడమకు తిప్పితే ఆవగింజంత కదిలింది. మళ్లీ కుడికి, మళ్లీ ఎడమకు. తెచ్చిపెట్టిన టీ చల్లారేలోగా బోల్టు చేతిలోకి వచ్చేసింది. కోటిలింగం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత చేతులు కడుక్కుని, సెలవు కూడా అడక్కుండా పర్చూరు బస్సెక్కాడు.

బావ మొహానికి పేపరు అడ్డంగానే ఉంది.

"బావా, మీరు అలగడంలో తప్పేం లేదు. నేనైతే ఈపాటికి ఆ ఫోను బావిలో పారేసేవాణ్ణి. మీరు చాలా తక్కువ అలిగారు."

పేపరు దిగింది. సాంబయ్య అరగంట తిట్టాడు. ప్రతి తిట్టుకూ కోటిలింగం "నిజమే బావా" అంటూ తలూపాడు. తిట్టి తిట్టి అలిసిపోయి, చివరికి సాంబయ్యే అతన్ని ఓదార్చాడు.

"మరీ అంత బాధపడకు లేరా. ఈ రోజుల్లో అందరూ ఫోనులోనే పంపుతున్నారు."

లోపల అక్క అప్పటికే చీరలు సర్దుకుంటోంది.

మర్నాడు కోటిలింగం నవ్వు ఆపుకోలేకపోతూ షెడ్డుకొచ్చాడు. "వచ్చేశారండీ. రాత్రి నుంచి ఇల్లంతా ఆయనదే. వంటవాణ్ణి మార్చమంటారు, సన్నాయివాళ్లను తానే మాట్లాడతానంటారు. తల తినేస్తున్నారనుకోండి." అలా చెబుతూనే నిన్న ఊడిన బోల్టును పాత ఇనుము కుప్పలోకి విసరబోయాడు.

మేస్త్రి అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నూనెలో వెయ్యి. మళ్లీ బిగించేది దాన్నే."