అలిగిన ఊరు, అత్తగారైన డాక్టరమ్మ

అనగనగా, పెద్ద కాలవ ఒడ్డున తుంగలరేవు అని ఒక ఊళ్ళో, అందరికంటే అందమైనది, అందరికంటే తెలివైనది, అందరికంటే నోరున్నది ఒక కోడలు ఉండేదే తల్లీ. ఎవరనుకున్నావు? నేనే! నవ్వకు. అప్పుడు నాకీ బోసినోరు లేదు. నేను పళ్ళన్నీ కనపడేలా నవ్వానంటే, రేవులో పడవలు దారి మర్చిపోయి గట్టెక్కేసేవి.

ఆ ఊళ్ళో అందరం తుంగచాపలు అల్లేవాళ్ళం. కాలవలో తుంగ కోసి, గట్టు మీద ఆరబెట్టి, చీల్చి, మగ్గం మీద అల్లేవాళ్ళం. నేనల్లిన చాప మీద ఒక జమీందారు పడుకున్నాడు. మళ్ళీ లేస్తేగా! అన్నం వేళకి ఆయన్ని చాపతో సహా మోసుకెళ్ళి విస్తరి ముందు దించేవారు. అంత మెత్తన.

అప్పటికి మీ అమ్మకి రెండేళ్ళు. దానికున్న పనల్లా ఒకటే. ఎక్కడ నీళ్ళు కనపడితే అక్కడ మూతి పెట్టి తాగెయ్యడం. తొట్టి, గోలెం, గేదె కుడితి, దేన్నీ వదిలేది కాదు.

అప్పుడేమైందంటే, ఎగువ ఊళ్ళో కలరా వచ్చింది. వాళ్ళదీ మాదీ ఒకటే కాలవ. వాళ్ళు కడిగిన నీళ్ళు మేం తాగాలి. ఇవాళ అక్కడున్న జబ్బు రేపు మా కుండలో ఉంటుంది. కాలవ మొత్తం మరిగించేటంత పొయ్యి వెలిగించాను. అయినా మీ అమ్మ ఆ పొయ్యి చుట్టూ తిరిగొచ్చి తొట్టిలో మూతి పెట్టేది. సూదిమందు కూడా వేయించాల్సిందే అనుకున్నాను.

వేయిద్దామంటే ఇంట్లో మా మావగారు. మీ అమ్మకి తాత, నీకు ముత్తాత. పేరు పేరయ్య. ఆయన మీసం ఎంతంటే, ఈ కొస మీద ఒక కాకీ ఆ కొస మీద ఒక కాకీ వాలితే, ఒకదాని సంగతి ఒకదానికి తెలిసేది కాదు. ఆ మీసం అడ్డంగా ఊపి, "ఈ గడపలోకి సూది రాకూడదు" అన్నారు. ఊరు మాత్రం తక్కువ తిందా? ఏ ఇంట అడిగినా, "ఆ సూదీ వద్దు, ఆ సర్కారు మాటా వద్దు" అన్నారు.

ఎందుకంటావా? ఉంది కథ. అంతకు ముందేడు టీకాల ఆఫీసరు ఒకాయన వచ్చాడు. నున్నగా దువ్విన తల, అంతకంటే నున్నటి మాట. "ఏమీ కాదు పేరయ్యగారూ, చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మీరొక్క మాట చెప్పండి, ఊరంతా వస్తుంది" అన్నాడు.

మావగారు చెప్పారు. ముందు తన చెయ్యే చాపారు. ఊరంతా వచ్చింది.

ఆ తర్వాత ఊరు ఊరంతా జ్వరంతో పడిపోయింది. చేతులు గుమ్మడికాయల్లా వాచాయి. కోసిన తుంగ గట్టు మీద ఆరుతోంది. తీసి లోపల పెడదామంటే లేచి నిలబడే మనిషి లేడు. అప్పుడే వాన కొట్టింది చూడూ, తుంగంతా నల్లబడి కుళ్ళిపోయింది. ఆ ఏడు చాపా లేదు, సంతా లేదు.

ఆఫీసరు ఏనాడో వెళ్ళిపోయాడు. మరి తిట్టడానికి ఎవరు దొరికారు? మావగారే! "నీ మాట విని మునిగిపోయాం పేరయ్యా" అన్నారందరూ. ఎదురింటి చుక్కమ్మయితే వీధి మధ్యలో నిలబడి, "పేరయ్య మాట నీటి మీద రాత!" అనేసింది.

అప్పట్నుంచి ఆయన రేవుకి రావడం మానేశారు. గోడవైపు తిరిగి కూర్చునేవారు. కోతకి ముహూర్తం అడిగినా, పిల్ల సంబంధం అడిగినా, "నన్నడక్కండి. నాకు మాటెక్కడుంది?" అనేవారు. అంత మీసమూ వానకి తడిసిన చీపురులా కిందకి వాలిపోయింది.

సరే. ఎగువన కలరా అనగానే, టవును నుంచి కొత్త డాక్టరమ్మ వచ్చింది. పేరు కరుణామణి. సన్నగా గొడుగులా ఉండేది. ఆవిడా గొడుగూ పక్కపక్కన నిలబడితే, గొడుగే కాస్త ఒళ్ళు చేసినట్టుండేది.

మొదటిసారి టముకు వేయించింది. టముకు చప్పుడు వినగానే ఊరంతా తుంగలోకి దూరిపోయింది. రేవులో మిగిలింది డాక్టరమ్మా, టముకువాడూ, ఒక బాతూ. బాతు మాత్రం చివరిదాకా శ్రద్ధగా వింది.

రెండోసారి బంట్రోతుల్ని వెంటేసుకొచ్చింది. "సూది వేయించుకోకపోతే జరిమానా!" అని ఒక బంట్రోతు చుక్కమ్మ తలుపు బాదాడు.

"ఇంట్లో ఎవరూ లేరు!" అంది చుక్కమ్మ లోపల్నుంచి.

"మరి మాట్లాడేది ఎవరు?"

"నేనూ లేను!"

డాక్టరమ్మకి ఏడవాలో నవ్వాలో తెలీలేదు. పెట్టె సర్దుకుని పడవెక్కేసింది. అప్పుడు వెనక్కి తిరిగి చూద్దును కదా, మీ అమ్మ తొట్టి దగ్గర మూతి తుడుచుకుంటోంది! ఇంక నేనాగలేదు. దాన్ని చంకనేసుకుని గట్టెమ్మట పరుగో పరుగు. గాలి నా వెనకాల పరిగెత్తలేక తాటిచెట్టు కింద కూలబడి ఆయాసపడింది.

ఏంటీ, గాలికి ఆయాసమేంటంటావా? నువ్వు చూశావా? నేను చూశాను. విను.

"ఆపండి పడవ!" అని ఒక్క అరుపు అరిచాను. ఆ అరుపు తెరచాప నిండా నిండి, పడవ ఎదురు నడిచి నా కాళ్ళ దగ్గర ఆగింది.

"డాక్టరమ్మగారూ! మా ఊరికి సూదంటే భయం కాదండీ. మా ఊరు అలిగింది!"

"అలిగితే నేనేం చెయ్యనమ్మా? నేనేమన్నా అత్తగార్నా?"

"అవ్వాలండీ! మీరు అత్తగారవ్వాలి!"

నీకు అలకపాన్పు తెలుసా? పెళ్ళిలో పెళ్ళికొడుకు మూతి ముడుచుకుని పాన్పు మీద కూర్చుంటాడు. అత్తగారు వచ్చి బతిమాలి, "ఏం కావాలి బాబూ?" అని అడగాలి. అడిగిందిస్తే గానీ లేవడు. నా పెళ్ళిలో మీ తాతయ్య సైకిలడిగారు. మా అమ్మ, "సైకిలు లేదు బాబూ, బెల్లుంది" అని బెల్లు చేతిలో పెట్టింది. పాపం ఆయన ఏడాది పాటు ఆ బెల్లు కొట్టుకుంటూ నడిచి తిరిగారు.

ఇదంతా చెప్పి, పోయినేటి సంగతీ చెప్పాను. డాక్టరమ్మ మొహం చిట్లించింది. "పోయినేడు నేనీ జిల్లాలోనే లేను. ఎవరో అన్నదానికి నేనెందుకు బతిమాలాలి?" అంది.

"మీరు లేరండీ, మీ కుర్చీ ఉంది. అందులో కూర్చున్నాక అది అన్న మాటలన్నీ మీవే. నేను కాపరానికొచ్చిన రోజున, మా అత్తగారు ఎప్పుడో పెట్టుకున్న తగాదాలన్నీ నావైపోలేదూ?"

డాక్టరమ్మ పెట్టె పట్టుకుని పడవ దిగింది. ఆ తర్వాత మెల్లిగా, "అలకపాన్పుకి ఏమేం కావాలి?" అంది.

అదీ! అప్పుడు నేను చాప అల్లాను చూడూ. రంగు తుంగతో అంచు నిండా నెమళ్ళు దించాను. మబ్బు పడితే ఆ చాప దానంతటదే పురి విప్పుకుని ఆడేది. దాన్ని రేవులో పరిచి, మావగారి దగ్గరికెళ్ళాను.

"మావయ్యగారూ, మీ అలక తీర్చడానికి డాక్టరమ్మగారొచ్చారు. రేవు దాకా రావాలి."

"నేనలగలేదు!" అన్నారాయన గోడతో.

"అలగనివాళ్ళు గోడతో మాట్లాడరండీ."

లేచారు. రేవుకొచ్చి చాప మీద కూర్చున్నారు. వేడుక చూద్దామని ఊరంతా తుంగలోంచి బయటికొచ్చేసింది. డాక్టరమ్మ పళ్ళెంలో తమలపాకులూ అరటిపళ్ళూ పెట్టుకుని, గొడుగు పక్కన పడేసి, ఆయన ముందు నేల మీద కూర్చుంది.

"ఓసోసి, అల్లుడికి మీసాలు నెరిశాయే!" అంది ఒకావిడ.

"అత్తగారికింకా పాలపళ్ళేనే!" అంది చుక్కమ్మ. రేవంతా ఒకటే నవ్వులు.

"అల్లుడుగారూ, ఏం కావాలి?" అంది డాక్టరమ్మ. మావగారు మొహం తిప్పుకున్నారు.

మళ్ళీ అడిగింది. మీసం సవరించుకున్నారు.

మూడోసారి, నవ్వకుండా, నిజంగా అడిగినట్టు అడిగింది. "పేరయ్యగారూ, మీకేం కావాలి?"

అప్పుడు ఆయన అందరివైపూ చూశారు. "మీవాళ్ళు నా మాట పట్టుకుపోయారమ్మా. నా మాట నాకు తెచ్చివ్వండి" అన్నారు.

రేవులో నవ్వులాగిపోయాయి. బాతు కూడా నోరు మూసుకుంది.

డాక్టరమ్మ లేచి నిలబడింది. టముకువాణ్ణి పిలిచి గట్టిగా వాయించమంది. ఇదిగో, ఇక్కణ్ణుంచి ఆవిడ అన్నది అన్నట్టే చెప్తున్నానే. కథకి మసాలా ఎంతయినా వేస్తాను గానీ ఈ మాటల్లో చిటికెడు కూడా వెయ్యను.

"పోయినేడు మా ఆఫీసు మనిషి ఏమీ కాదన్నాడు. జ్వరం వస్తుందని మాకు తెలుసు. చెప్తే మీరు రారని చెప్పలేదు. పేరయ్యగారు మేం చెప్పిందే నమ్మి మీకు చెప్పారు. అబద్ధం ఆయనది కాదు, మాది. మీ తుంగ పోయింది కూడా మా వల్లే."

మావగారు తల వంచుకున్నారు. ఆ వాలిన మీసం ఉందే, అది మెల్లిగా, మొగలిరేకు విచ్చుకున్నట్టు పైకి లేచింది.

"మరి ఈసారో?" అంది చుక్కమ్మ, నడుం మీద చెయ్యేసుకుని.

"ఈసారీ జ్వరం వస్తుంది. చెయ్యి వాస్తుంది. ఒకటి రెండు రోజులు ఒళ్ళు నొప్పులు. సూది వేయించుకున్నంత మాత్రాన కలరా రానే రాదని కూడా చెప్పలేను. భయం చాలావరకు తగ్గుతుంది, అంతే. నీళ్ళు మాత్రం కాచే తాగాలి. ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే దాచకుండా నా దగ్గరికి పడవెక్కించాలి."

"అమ్మో! జ్వరం వస్తుందని ముందే చెప్పే డాక్టర్ని ఇప్పుడే చూస్తున్నాను!" అంది చుక్కమ్మ. ఆ తర్వాత మావగారి ముందుకొచ్చి, కొంగు సర్దుకుని, "బావా, నా నోరు మంచిది కాదు. ఇప్పుడేం చేద్దాం చెప్పు" అంది.

ఏడాదిగా నన్నడక్కండి అంటున్న మనిషి, ఈసారి ఆ మాట అనలేదు! ఆయన గొంతు సవరించుకున్నారు. ఆ సవరింపుకి కాలవకి అవతల కొంగలన్నీ ఎగిరిపోయాయి.

"అందరం ఒకేసారి పడుకోవద్దు. ముందు ఎగువ వీధి. వాళ్ళు లేచాక దిగువ వీధి. లేచి ఉన్నవాళ్ళు పడుకున్నవాళ్ళకి గంజి కాయాలి, తుంగ లోపల పెట్టాలి. పట్టమ్మా డాక్టరమ్మా, నా చెయ్యి!"

ఆయన తర్వాత మేమే. నాకు వేస్తే సూది వంగిపోయింది, అంత కండ. మీ అమ్మకి వేస్తే అది ఏడవలేదు, సూదే ఏడిచింది.

ఆ తర్వాత చూడాలి తల్లీ సంబరం! జ్వరం వచ్చిందంటే చాలు, "వచ్చింది! నాకొచ్చింది! డాక్టరమ్మ చెప్పినట్టే వచ్చింది!" అని కేకలు. ఒకళ్ళ వాపు ఒకళ్ళు కొలుచుకోవడం. "నీది నిమ్మకాయ, నాది దబ్బకాయ!" అని పోటీలు. చుక్కమ్మకి పొద్దు వాలినా జ్వరం రాలేదు. "నాకేం ద్రోహం చేసింది ఈ డాక్టరమ్మ? మందు పొడిచిందా, మంచినీళ్ళు పొడిచిందా?" అని లబోదిబోమంది. దీపాలవేళకి ఒళ్ళు కాలింది. ఆవిడ దుప్పట్లోంచి తల బయటపెట్టి, "ఇదిగో! నాకూ! వణుకుతో సహా!" అని వీధంతా పిలిచి చూపించింది. పొయ్యిల మీద గంజి ఉడికింది, వానకి ముందే తుంగ లోపలికొచ్చింది, ఒక్క పుల్ల తడవలేదు.

అప్పుడు కలరా దిగింది, కాలవెమ్మట. మొదటి ఇంటి కుండలో తొంగిచూసింది, కాచిన నీళ్ళు. రెండో ఇంట చూసింది, కాచిన నీళ్ళు. మూడోది మనిల్లు. మీ అమ్మ తొట్టి దగ్గరుందేమోనని ఆశగా చూసింది. తొట్టిలో కూడా కాచిన నీళ్ళే పోశానే నేను!

దిగువ వీధిలో ఒకాయనకి మాత్రం పట్టుకుంది. ఉన్నమాట చెప్పాలిగా. కానీ ఆయన భార్య దాచలేదు. వెంటనే వచ్చి మావగారికి చెప్పింది. మావగారే పడవ తోసుకుంటూ తీసుకెళ్ళారు. వారం తిరక్కుండా ఆయన తన కాళ్ళ మీద నడిచొచ్చి, ముగ్గురు మనుషుల అన్నం తిన్నాడు. మా ఊరు మొత్తం మీద కలరా ఎవర్నీ పట్టుకుపోలేదు. ఒక్కర్ని కూడా.

మీ అమ్మనీ పట్టుకుపోలేదు. అదుగో, వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. వినపడుతోందా ఆ చప్పుడు? నాకయితే సన్నాయిలా వినపడుతుంది.

కలరా పోయె కడలికి,
జ్వరం పోయె గాలికి,
పడవ పోయె రేవుకి,
పేరు వచ్చె తాతకి,
కథ నడిచె కంచికి,
కన్ను మూసుకో నిద్దరకి!