ఉత్తరానికి మళ్ళని తుఫాను

ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట, జాలర్ల పాకల వెనక ఒక తెల్లకొంగ తిరుగుతుండేది. తుఫాన్ల రోజుల్లో పొద్దున్నే సముద్రం మీదికి ఎగిరి, మబ్బూ గాలీ చూసొచ్చి చెప్పేది. అది ఉండమంటే ఆ ఒడ్డున జంతువులన్నీ ఉండేవి, పొమ్మంటే పోయేవి.

ఆ ఏడు దీపావళి దాటాక తుఫాను పుట్టింది. జాలర్లు తట్టాబుట్టా సర్దుకుని, కోళ్ళను వదిలేసి వెళ్ళిపోయారు. తూర్పున ఆకాశం రాగిరంగుకు తిరగడం చూసి కొంగ గబగబా వెనక్కొస్తుంటే నక్క ఎదురైంది.

"తుఫాను ఎటు వదినా?"

"ఇటే. కోళ్ళను ఎత్తుదిబ్బ ఎక్కమనాలి."

"అవి ఎక్కితే నాకు పస్తే. ఉత్తరానికి మళ్ళిందని ఒక్క మాట అనరాదూ? ఆ పడవలో జాలర్లు మరిచిపోయిన చేపల బుట్ట ఉంది. మూత బరువు, నేను లాగుతాను. చేపలన్నీ నీవే."

ముసురు పట్టినప్పటినుంచి కొంగకు సరైన తిండి లేదు. ఏటి అవతల మడచెట్ల మీద మగడు, ఇప్పుడిప్పుడే రెక్కలొస్తున్న పిల్లలు ఉన్నారు. 'తిని, వాళ్ళకూ నాలుగు పట్టుకెళ్ళి, గాలి ముదరకముందే తీసుకుపోతాను' అనుకుంది.

"తుఫాను ఉత్తరానికి మళ్ళిందర్రా!" అని కేకేసింది.

"బతికించావు కొంగక్కా! నువ్వు చెప్పాక ఇంకేం భయం?" అంటూ కోడిపెట్ట పిల్లల్ని తోలుకుని గూట్లో దూరింది.

గేదె మాత్రం మోర ఎత్తింది. "గాలి వాసన అలా లేదే, కొంగమ్మా."

"కళ్ళారా చూసొచ్చాను. నా మాట మీద నమ్మకం లేదా?"

"నమ్మకం లేక కాదు తల్లీ, దూడ చిన్నది" అని గేదె దిబ్బవైపు నడిచింది.

కొంగ బుట్టలోంచి తలెత్తేసరికి ఏరు నురగలు కక్కుతోంది. ఎగిరితే గాలి విసిరికొట్టింది. మళ్ళీ ఎగిరింది, మళ్ళీ పడింది. చివరికి దిబ్బ మీద గేదె కాళ్ళ మధ్య ముడుచుకుంది. కింద నీళ్ళు పాకల మీదుగా పోయాయి. కోళ్ళ గూడూ పోయింది, దాని పక్కన కాచుకున్న నక్కా పోయింది.

తెల్లారి గాలి తగ్గాక ఏరు దాటింది. మడచెట్లు మొదళ్ళతో సహా ఒరిగాయి. బురదలో మగకొంగ ఒక్కటే, రెక్క విరిగి పడి ఉంది.

"పిల్లలేరీ?"



"నిన్నే బయల్దేరాం. కొమ్మా కొమ్మా దూకుతూ పొలాల దాకా వచ్చేశారు కూడా. దారిలో కాకి కనిపించి, తుఫాను మళ్ళిందంది. ఎవరన్నారని అడిగాను. నువ్వేనంది. ఇంకెవరైనా అయితే నమ్మేవాణ్ణి కాదు. వెనక్కి తీసుకొచ్చాను."

 

అందరూ నమ్మే నోటితో అబద్ధమాడితే, అది మనవాళ్ళను కూడా వదిలిపెట్టదు.