గురువు లేని హీరో

టీవీలో తమ్ముడి మాటలు విన్న పైడమ్మకి ఒళ్లు మండిపోయింది. పొయ్యి ఆర్పి, చెప్పులైనా వేసుకోకుండా సాము నేర్పే తాలింఖానాకి వచ్చేసింది.

గురువు బంగారయ్య సాముకర్రలకి నూనె రాస్తున్నాడు.

"ఇన్నారా గురువుగారూ? ఆడికి గురువే నేడట! సముద్రం ఒడ్డున అలల్ని సూసి సొంతంగా నేర్సీసుకున్నాడట!"

"ఎవులమ్మా?"

"ఇంకెవులు? మా సిన్నారావు! ఇప్పుడు ఫైటింగుల హీరో గదా!"

"కూకో."

పైడమ్మ కూర్చోలేదు. ఎలా కూర్చుంటుంది? తండ్రి పోయాక తల్లి జనపనార మిల్లుకి వెళ్తే, వాణ్ణి సాకింది తనే. బంగారయ్య బెత్తం చూస్తే వాడికి చలిజ్వరం. అందుకని పొద్దున ఇక్కడ తను నేర్చుకున్న సాము, సాయంత్రం పెరట్లో వాడికి నేర్పింది. ఇంతా చేస్తే, ఇంట్లోవాళ్ల గురించి అడిగినప్పుడు వాడన్న మాట: "ఒక అక్క ఉందండీ. వంట బాగా చేస్తుంది." ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్లుంటారని ఆమెకి తెలుసు. తెప్పని వంటచెరకు చేసుకునేవాణ్ణి ఇప్పుడే చూసింది.

"ఆడి సేతికి కర్ర ఇచ్చింది నానేనని మీరు టీవీవోళ్లకి సెప్పాల. ఎరిగినోళ్లు మీరొక్కులే."

బంగారయ్య నూనెగుడ్డ పక్కన పెట్టి శిష్యుల్ని పిలిచాడు.

"ఒరే, సినిమాలో సిన్నారావు కర్ర ఎలా తిప్పుతాడో ఓపాలి అమ్మకి సూపించండి."

పిల్లలకి అంతకన్నా ఏం కావాలి! కేకలేస్తూ బరిలోకి దూకారు. కర్రలు గిర్రున తిరిగాయి. ఒళ్లు తిప్పినప్పుడల్లా అందరి ఎడమ మడమలూ నేల విడిచి పైకి లేచాయి.

"మడమ అలా ఎత్తమని ఎవులు సెప్పార్రా మీకు?" అంది పైడమ్మ.

"అది హీరో స్టైలండి!" అన్నాడొకడు గర్వంగా.

స్టైలూ లేదు, పాడూ లేదు. చిన్నప్పుడు ఇంటికప్పు మీంచి దూకిన తమ్ముణ్ణి పట్టుకోబోయి ఆమె మడమ విరగ్గొట్టుకుంది. ఆ వానాకాలమంతా మడమ కింద ఆనించలేక, ఎత్తిపట్టుకుని వాడికి సాము నేర్పింది. ఆ వెధవ, అదీ సాములో భాగమే అనుకున్నాడు.

"మడమ లేస్తే ఒక్క దెబ్బకి ఎల్లకిలా పడిపోతారు! రేపు ఎవుడి నడుమో ఇరుగుతాది!" ఆమె కోపం గురువు మీదికి మళ్లింది. "సూస్తా ఊరుకున్నారేటి? మీరు దిద్దొద్దా?"

బంగారయ్య చేతిలోని కర్ర ఆమెకి అందించాడు.

"ఆ మడమ నాను నేర్పింది కాదమ్మా."

పైడమ్మ కర్ర అందుకుంది. కొంగు నడుముకి బిగించి బరిలోకి దిగింది.