ముట్టుకోకూడని చెలమ

పేపర్లో 'ఇజ్రాయెల్, పాలస్తీనా శాంతి చర్చలు మళ్లీ మొదలు' అన్న వార్త కనబడ్డప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మొదలవడం ఎన్నోసారో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. మనుషుల పేర్లతో చెబితే వినేవాళ్లలో సగంమంది ఇటు, సగంమంది అటు లేచి నామీద పడతారు. అందుకని మేకల సంగతీ గొర్రెల సంగతీ చెబుతాను. కూర్చుని వినండి.

రెండు రాతిగుట్టల మధ్య ఒక ఎండిన వాగు ఉండేది. ఆ వాగు ఇసుకలో ఒక చెలమ. పెద్ద లోతేం కాదు, ఇసుక తోడితే మోకాలి లోతున నీళ్లు ఊరేవి. కాకపోతే చెలమకి ఒక గుణం ఉంది. అంచులు రోజూ కూలుతుంటాయి. పొద్దున్నే ఎవరో ఒకరు ఆ ఇసుక ఎత్తిపోయాలి. ఒకరోజు మానేస్తే సగం పూడుతుంది, నాలుగు రోజులు మానేస్తే అక్కడ చెలమ ఉండేదని చెప్పినా ఎవరూ నమ్మరు. అందుకే ఆ వాగులో తాతలనాటి నుంచీ ఒక కట్టుబాటు: ఇసుక ఎత్తినవాళ్లదే ఆ రోజు చెలమ.

ఈ పక్క గుట్ట మీద మేకలు. తరతరాలుగా అక్కడే పుట్టి, అక్కడే మేసి, అక్కడే చచ్చిపోయాయి. ఆ పక్క గుట్ట మీద గొర్రెలు. వాటి ముత్తాతలూ ఒకప్పుడు ఆ వాగులోనే తాగారు. తోడేళ్లు తరిమితే ఊళ్లు పట్టుకు తిరిగాయి, ఎక్కడా ఒక్క రాత్రీ కంటిమీద కునుకు లేకుండా బతికి, చావగా మిగిలినవి తిరిగొచ్చాయి. మేకలు చెప్పేదీ నిజమే, గొర్రెలు చెప్పేదీ నిజమే. అదే అసలు తంటా. ఒకరు అబద్ధం చెబుతుంటే ఇంత బాధ ఉండేది కాదు.

గొర్రెలు తుమ్మకంపతో కంచె వేశాయి. మేకలు కంచె దూకాయి. వీళ్ల కొమ్ములు వాళ్ల డొక్కల్లో, వాళ్ల తలలు వీళ్ల పక్కటెముకల్లో దిగాయి. కిందటి ఎండాకాలం చెలమ దగ్గర జరిగిన పోరులో మేకపిల్లలు ముగ్గురూ, గొర్రెపిల్లలు ఇద్దరూ పెద్దల గిట్టల కిందే నలిగిపోయారు. ఎవరి గిట్టలో ఎవరికీ తెలీదు. తెలుసుకోవాలని కూడా ఎవరికీ లేదు.

అప్పుడు కదిలింది పెద్ద అడవి. ఏనుగుదొర స్వయంగా వచ్చింది. వెంట రాయబారి నక్క, రాతకోతలకి కొంగ. ఎత్తయిన చదునుబండ మీద సభ తీరింది. అడవి నుంచి చెరుకుగడలొచ్చాయి. రాయబారుల కోసం ఒక రాతితొట్టి, అందులోకి రోజూ ఏనుగు తొండంతో దూరపు అడవి ఏటి నీళ్లు.

మొదటి సభలోనే ఒక తీర్మానం అయింది. నక్క గొంతు సవరించుకుని చదివింది.

"ఇసుక ఎత్తినవాళ్లదే చెలమ అంటున్నారు గనక, ఎవరు ఎత్తినా రెండోవాళ్లు పోట్లాటకొస్తారు. కాబట్టి తుది ఒప్పందం కుదిరేదాకా మేక గానీ, గొర్రె గానీ చెలమలో గిట్ట పెట్టరాదు. ఉన్నది ఉన్నట్టే ఉండాలి."

అందరూ తలలూపారు. వినడానికి ఎంత బాగుంది! ఉన్నది ఉన్నట్టే ఉండటం చెలమకి చేతగాదని ఒక్కరికీ తోచలేదు. పదిరోజుల్లో అది పూడిపోయింది.

ఏడాది తిరిగేసరికి పంతొమ్మిది సభలయ్యాయి. మూడు సభలు ఎవరు ఎటు తిరిగి కూర్చోవాలన్న దానికే సరిపోయాయి. మరో నాలుగు ఎవరి పేరు ముందు రాయాలన్న దానికి. మేకల పెద్ద గడ్డమప్ప ఒక మెట్టు దిగుదామనుకుంటే, వెనక నుంచి తన మందే "అమ్ముడుపోయావా?" అని అరిచేది. గొర్రెల పెద్ద సుడికొమ్ముదీ అదే అవస్థ. అందుకని ఇద్దరూ సభకొచ్చి, చెరుకు చివళ్లు నమిలి, గట్టిగా నాలుగు మాటలు అనుకుని, ఎవరి గుట్టకు వాళ్లు వెళ్లిపోయేవాళ్లు.

అన్నాళ్లూ రెండు మందలూ తాగింది వాగు దిగువన ఉన్న బురదగుంట. ఈ ఎండాకాలం అదీ నెర్రెలిచ్చింది.

మేకల్లో ముసలిది చుక్కమ్మ. దాని కూతురు నిరుటి పోరులో ఒక పిల్లను పోగొట్టుకుని, ఈ ఏడు మరొకదాన్ని కంది. నీళ్లు లేక కూతురి పొదుగు ఎండిపోయింది. ఆ పిల్ల రెండు రోజులుగా అరవడం కూడా మానేసింది. చుక్కమ్మ నేరుగా చదునుబండ ఎక్కింది.

"నక్కబాబూ, పిల్లలు చచ్చిపోతున్నారు. నీళ్లు."

"అమ్మా, మీ బాధ మాకు తెలియదా? నీళ్ల సంగతి ఏడో అంశంగా పెట్టాం. ప్రస్తుతం రెండో అంశంలో ఉన్నాం."

"రెండోది ఏంది?"

"చెలమ పేరు. వాళ్లొకటి అంటారు, మీరొకటి అంటారు. సున్నితమైన విషయం."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమా! అందులో నీటిబొట్టు లేదు గదయ్యా!"

"అమ్మా, ఆవేశం వద్దు."

"పోనీ, ఆ తొట్టిలో నీళ్లన్నా పోయించు."

ఏనుగు ఇబ్బందిగా చెవులాడించింది. "పోద్దామనే అన్నానమ్మా. ముందు మేకలకు పోస్తే గొర్రెలు అలుగుతాయి, ముందు గొర్రెలకు పోస్తే మేకలు అలుగుతాయి. ముందెవరికన్నది తేలేదాకా ఎవరికీ పోయకూడదని తీర్మానించాం. అందరికీ సమన్యాయం."

కొంగ అది కూడా రాసుకుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. చుక్కమ్మ బండ దిగింది.

తెల్లవారగట్ల వాగు మలుపులో ఒక నల్లరాయి మీద మంచు పడేది. చుక్కమ్మ రోజూ వెళ్లి ఆ తడి నాకి, నాలుక చెమ్మతో మనవరాలి మూతి తడిపేది. రాయికి అవతలి పక్క రోజూ ఇంకో నాలుక చప్పుడు వినబడేది. గొర్రెల్లో ముసలిది, బొల్లమ్మ. దాని మనవడూ చెలమ దగ్గరే పోయాడు. ఇప్పుడు ఇంకో మనవడు ఇంటి దగ్గర మూలుగుతున్నాడు. నెలరోజులు ఇద్దరూ ఒకే రాయి నాకారు, ఒకరి మొహం ఒకరు చూడలేదు.

ఆ రోజు రాయి మీద మంచు కూడా పడలేదు.

"నీ వైపు ఏమన్నా ఉందా?" అంది చుక్కమ్మ, అటు చూడకుండానే.

"లేదు. ఉన్నా నీకెందుకిస్తా? మీవాళ్ల గిట్టలకే నా మనవడు పోయింది."

"మీవాళ్ల గిట్టలకే నాది పోయింది."

పోట్లాట అంతకుమించి సాగలేదు. పోట్లాడుకోవడానికి నోట్లో తడి ఉండాలి కదా.

చివరికి బొల్లమ్మే మొదలెట్టింది. "నేనూ నిన్న బండ మీదికి పోయొచ్చా. ఏడో అంశమంట."

"నాకూ అదే చెప్పారు."

"చెలమ మోకాలి లోతే గదా. నువ్వొక పక్క, నేనొక పక్క పడితే ఒక పొద్దు పని."

"గిట్ట పెడితే చాలు, గట్టుదాటిందంటారు. నీ సుడికొమ్ము, నా గడ్డమప్ప మళ్లీ తలలు పగలగొట్టుకుంటారు. ఉన్న పిల్లలూ పోతారు." చుక్కమ్మ మొదటిసారి ఇటు తిరిగింది. "మనం పెట్టగూడదు, సరే. మేకా గొర్రే అన్నారు గానీ, ఏనుగూ నక్కా అనలేదు గదా?"

బొల్లమ్మ చెవులు నిక్కించింది. "వాళ్లెందుకు తవ్వుతారు?"

"నీళ్ల కోసమంటే తవ్వరు. విచారణ కోసమంటే?"

బొల్లమ్మ అంతా విని, "నీ బుద్ధి పాడుగాను, వదినా," అంది. రెండు గుట్టల మధ్య ఆ వరస వినబడి ఎన్నాళ్లయిందో!

పొద్దెక్కేసరికి చుక్కమ్మ ఒక పక్క నుంచి లబలబలాడుతూ బండ ఎక్కింది. "అయ్యా, చెలమ అడుగున మా ముత్తవ్వ మెడగంట ఉంది! అది దొరికితే చెలమ ఎవరిదో తేలిపోతుంది!"

ఇంకో పక్క నుంచి బొల్లమ్మ. "దొరా, దాని మాట నమ్మొద్దు! అడుగున ఉన్నది మా ముత్తాత కొమ్ము! నా బిడ్డల మీద ఒట్టు!"

అక్కడ గంటా లేదు, కొమ్మూ లేదు. ఏడాదిలో ఆ రెండు మందలూ కలిసి ఒప్పుకున్నది ఒక్కటే, ఆ అబద్ధం.

నక్క కళ్లు మెరిశాయి. విచారణంటే ఇంకో ఏడాది చెరుకు. "నిజనిర్ధారణ సంఘం వేస్తాం. ఎలుగుబంటిని పిలిపించి తవ్విద్దాం."

"ఎలుగు మేకల మనిషి!" అంది బొల్లమ్మ.

"పోనీ, అడవిపంది?"

"అది గొర్రెల చుట్టం!" అంది చుక్కమ్మ.

"మరి ఎవరి మీద నమ్మకం మీకు?"

ముసలమ్మలిద్దరూ ఒకేసారి వినయంగా తలలు వంచారు. "మీరు తప్ప మాకు తటస్థులెవరున్నారు బాబూ?"

పొగడ్త ఏనుగు మీద బాగా పనిచేసింది. "నిజమే. మనమే తవ్వుదాం," అంటూ లేచింది. నక్కకి ఇది నచ్చలేదు. కానీ పెద్దదొర లేచాక తాను కూర్చుంటే ఎట్లా? కొంగ కూడా రెక్కలు ముడుచుకుని దిగింది.

ఎండ నడినెత్తికొచ్చింది. ఏనుగు కాళ్లతో తవ్వి, తొండంతో ఎత్తిపోసింది. నక్క పంజాలతో గోకింది. కొంగ ముక్కుతో పొడిచింది. మోకాలి లోతు దగ్గరపడినా గంట లేదు. గట్టున కూర్చున్న ముసలమ్మలు మాత్రం ఓపికపట్టమని పురమాయిస్తూనే ఉన్నారు.

"ఇంకాస్త కింద, దొరా!"

"ఇంకొంచెం పక్కకి, బాబూ! గంట గట్టిది, ఎక్కడికీ పోదు!"

ఉన్నట్టుండి నక్క కాళ్ల కింద ఇసుక నల్లబడింది. తర్వాత మెత్తబడింది. తర్వాత మునివేళ్ల మధ్య నుంచి చల్లగా ఊరింది. కొండను తవ్వితే ఎలుక దొరుకుతుందంటారు. ఈసారి నీళ్లు దొరికాయి.

ముందు వాసన పట్టింది పిల్లలు. ఆ గుట్ట నుంచీ ఈ గుట్ట నుంచీ ఒక్క పరుగున వచ్చి పడ్డాయి. ఏది మేకపిల్లో ఏది గొర్రెపిల్లో తెలియకుండా అన్ని మూతులూ ఆ గుంటలోనే. చుక్కమ్మ మనవరాలిని తల్లి మూతితో నెట్టుకుంటూ తీసుకొచ్చింది. అది రెండు గుటకలు మింగి, చాలా సన్నగా ఒక అరుపు అరిచింది. చుక్కమ్మకి అక్కడే ఏడుపొచ్చింది.

గడ్డమప్పా, సుడికొమ్మూ వచ్చి ఎదురెదురుగా నిలబడ్డారు. కొమ్ములు వంచుదామంటే మధ్యలో పిల్లలున్నారు.

నక్కకి అప్పుడు అర్థమైంది. అయినా చిటికెలో తేరుకోవడం దాని పుట్టుకలోనే ఉంది. "ఆగండి! ఇసుక ఎత్తినవాళ్లదే చెలమ, అంతే కదా మీ కట్టుబాటు? ఎత్తింది మేము. ఇకమీదట మా అనుమతితో తాగాలి!"

తాగుతున్న పిల్లలు కూడా తలెత్తాయి. పిట్టపోరు పిల్లి తీర్చినట్టు అవుతుందని పెద్దలిద్దరికీ ఇప్పుడు తెలిసొచ్చింది.

బొల్లమ్మ మాత్రం తొణకలేదు. "న్యాయమే బాబూ. ఈ రోజు మీదే. మేమెవరం కాదనడానికి? అయితే చెలమ అంచులు ఇప్పుడే కూలుతున్నాయి, చూడండి. రేపు పొద్దున్నే రండి, ఎల్లుండీ రండి. రోజూ ఇట్లాగే ఎత్తాలి."

"రోజూనా?" ఏనుగు ఉలిక్కిపడింది.

"రోజూనే దొరా. మీ తీర్మానం ప్రకారం మేమైతే గిట్ట పెట్టకూడదు గదా."

ఏనుగు పగిలిన కాలిగోళ్ల వంక చూసుకుంది. తొండంలో ఇరుక్కున్న ఇసుక నక్క మీదికి చీదింది. "ఆ తీర్మానం రద్దు! ఎవరి చెలమ వాళ్లే తోడుకోండి. నావల్ల కాదు!"

"దొరా, అట్లా హడావుడిగా..." అంది నక్క.

"అయితే రేపటి నుంచి నువ్వు తవ్వు."

నక్క నోరు మూసుకుంది. పంతొమ్మిది సభల్లో దాని నోరు మూతపడటం అదే మొదలు.

మర్నాడు తెల్లవారగానే చుక్కమ్మ ఈ అంచునా, బొల్లమ్మ ఆ అంచునా ఇసుక ఎత్తారు. ఎత్తినవాళ్లదే చెలమ. ఇద్దరూ ఎత్తారు, కాబట్టి ఇద్దరిదీ. దీనికి ఏడాది పట్టింది! ఆ ముసలమ్మలని మొదటిరోజే పిలిచి ఉంటే ఒక పూటలో తేలేది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

అంతా సర్దుకుందని చెప్పను. కంచె అట్లాగే ఉంది. పోయిన పిల్లలు తిరిగిరాలేదు, వాళ్ల తల్లులు ఇప్పటికీ ఒకరి వంక ఒకరు చూడలేరు. చెలమ పేరు నేటికీ తేలలేదు. రెండు పేర్లతోనూ దానిలో నీళ్లు ఊరుతున్నాయి.

నక్క మాత్రం ఇరవయ్యో సభకు కబురు పెట్టి, చదునుబండ మీద ఎదురుచూస్తూ కూర్చుంది. చెరుకు రాలేదు, ఏనుగు రాలేదు. గడ్డమప్పా, సుడికొమ్మూ కూడా రాలేదు. వాళ్లది ఇసుక ఎత్తే వంతు. మధ్యాహ్నం దాకా చూసి, కొంగ ఏం రాయాలో తెలియక అడిగింది.

"వచ్చినవాళ్లెవరని రాయను?"

నక్క రాతితొట్టిలోకి తొంగిచూసింది. అందులో నీళ్లు లేవు.

నీతి: దాహం వేసినవాళ్లను పక్కన కూర్చోబెట్టి కుదిర్చే సంధి, ముట్టుకోకుండా కాపాడిన చెలమతో సమానం.