రాజుగారి ముఖం మీద పొక్కులు

చింతలదుర్గం రాజుగారికి రోజూ గడ్డం గీసే అంకన్నకు ఆ ఉదయం కాళ్ళూ చేతులూ ఆడలేదు. రాజుగారి ముఖం నిండా ఎర్రటి పొక్కులు లేచాయి. "అంతా వీడి మురికి కత్తి వల్లే ప్రభూ!" అని రాజవైద్యుడు విరూపాక్ష శర్మ తేల్చేశాడు. ఆ మాట వినగానే తలారి వచ్చి అంకన్న వెనక నిలబడ్డాడు. వాడి ఊపిరి అంకన్న మెడకు వెచ్చగా తగులుతోంది.

"చచ్చే ముందు ఏమైనా చెప్పుకుంటావా?" అన్నాడు రాజు.

"శర్మగారిని ఒక్క మాట అడగనివ్వండి ప్రభూ. అయ్యా, తమరు రాసే లేపనం ఒక్క బుగ్గలకేనా?"

శర్మకు రోషం పొడుచుకొచ్చింది. "బుగ్గలకేమిట్రా! పన్నెండు మూలికల లేపనం. నుదురు మొదలు గడ్డం దాకా రోజూ నా చేత్తో నేనే పట్టిస్తాను!"

అంకన్న చేతులు జోడించాడు. "నా కత్తి చెంపలు దాటి పైకెక్కదు ప్రభూ. మరి నుదుటి మీది పొక్కులు ఎవరి చేతివో తమరే చెప్పాలి."

రాజుగారి చెయ్యి మెల్లగా నుదుటి మీదికి పోయింది. శర్మ ముఖం పాలిపోయింది.

"అయితే నేను రోజూ ఏం రాసుకోవాలిరా?"

"మెత్తటి శనగపిండితో కడుక్కుని, గడ్డం గీశాక చుక్క కొబ్బరినూనె ప్రభూ."

"అంతేనా? సరే, గడ్డం గియ్యి."

అంకన్న కత్తి తీశాడు. అది చేతిలో గజగజలాడుతోంది.

"ముందు తలారిని కాస్త దూరం జరగమనండి ప్రభూ. లేకపోతే ఈసారి పొక్కులు కాదు, గాట్లు పడతాయి."