గానుగెద్దు ప్రదక్షిణ

ధరణిపురం రాజు వీరనందుడికి ఒక కోరిక పుట్టింది. రాజుల కోరికలు పుట్టినంత తేలిగ్గా చావవు కదా. తండ్రి పోయి ఏడాదైంది, ఆయన మళ్లీ ఎక్కడ, ఏ రూపంలో పుట్టాడో కనిపెట్టినవాడికి రాజగురువు పీఠం ఇస్తానని చాటింపు వేయించాడు.

ముందు ఊరి బౌద్ధ స్తూపం దగ్గరుండే ముసలి భిక్షువునే అడిగారు. అది తనకు అందే సంగతి కాదని ఆయన దండం పెట్టేశాడు. తెలియదన్నవాడికి పీఠాలెవరిస్తారు?

ఆస్థాన పండితుడు మహామేధుడికి మాత్రం ప్రపంచంలో తెలియనిదేమీ లేదు. పున్నమినాడు రేవమ్మ అనే గానుగామె స్తూపానికి నూనె కుండలు తెచ్చి, బండి విప్పి ఎద్దుని వదిలింది. తొమ్మిదేళ్లుగా గానుగ చుట్టూ తిరిగిన ఎద్దు అది. గుండ్రంగా కనిపించిన స్తూపం చుట్టూ దానంతటదే తిరగడం మొదలెట్టింది. మహామేధుడు చూశాడు. చూడటమేమిటి, దాని కాళ్ల మీదే పడ్డాడు. ప్రదక్షిణ చేస్తున్న ఈ మహానుభావుడు పోయిన పెద్ద ప్రభువేనని ఊరంతా వినేలా ప్రకటించాడు.

ఇంకేముంది, ఎద్దు రాజభవనానికి చేరింది, మహామేధుడు రాజగురువు పీఠమెక్కి ఆచార్యుడయ్యాడు. వీపున పట్టుబట్ట, ముందు వెండి పళ్లెంలో నేతి అరిసెలు. దానికి కావలసింది తెలగపిండి. అరిసెలను వాసన చూసి మొహం తిప్పుకునేది. పెద్ద ప్రభువు మనసు తెలిసినవాడు తానొక్కడే కనుక ఆ పళ్లెం రోజూ మహామేధుడి ఇంటికి పోయేది. పది రోజులకి ఎద్దు డొక్కలు లోపలికి పోయాయి, ఆచార్యుడి బొజ్జ ముందుకొచ్చింది.

అక్కడ రేవమ్మ గానుగ ఆగిపోయింది. మొగుడు లేని మనిషి, ఆ ఎద్దే ఆమె బతుకు. కోట దీపాలు చూసుకునే నాగిలి ఏళ్లుగా ఆమె దగ్గరే నూనె కొనేవాడు. ఆమె అతని దగ్గరికొచ్చి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"అన్నా, పెద్ద ప్రభువంటే నేనూ మొక్కుతాను, కాదనను. కానీ నా ఎద్దు నాకు కావాలి. అది లేకపోతే నా పిల్లలు తినేది లేదు."

నాగిలికి కడుపు మండింది. కానీ రోజూ పొద్దున్నే రాజు ఆ ఎద్దు గిట్టలకు మొక్కుతున్నాడు. అది మీ నాన్న కాదు అంటే మెడ మీద తల ఉండదు. రాత్రంతా ఆలోచించి, మర్నాడు రేవమ్మని వెంటబెట్టుకుని కొలువుకి వెళ్లాడు. ఎద్దుని కూడా ముంగిట్లోకి తెప్పించారు. అతను ముందు ఎద్దుకి మొక్కి, తర్వాత ఆచార్యుడికి మొక్కాడు.

"ఆచార్యా, చిన్న సందేహం. పశుజన్మ దేనివల్ల వస్తుంది?"

"పాపకర్మ వల్ల. ఇది పసిపిల్లలకు కూడా తెలుసు," అన్నాడు మహామేధుడు తల ఎగరేస్తూ.

"అయితే పెద్ద ప్రభువు చేసిన పాపమేదో కూడా సెలవివ్వండి."

రాజు ముఖం ఎర్రబడింది. తిన్న అరిసెలు ఊరికే పోతాయా, ఆచార్యుడు వెంటనే అందుకున్నాడు. బోధిసత్వుడు కూడా లేడిగా, ఏనుగుగా పుట్టాడని, పెద్ద ప్రభువూ అలాగే లోకం కోసం కోరి ఈ జన్మ ఎత్తాడని, ఆ ప్రదక్షిణే సాక్ష్యమని సర్దుకున్నాడు. రాజు ఊపిరి పీల్చుకున్నాడు.

నాగిలి లెంపలేసుకున్నాడు. పెద్ద ప్రభువు దేని చుట్టూ తిరిగితే అది పూజ్యమన్నట్టేనా అని వినయంగా అడిగాడు. సందేహమేముందన్నాడు ఆచార్యుడు. అలాగైతే ఈ సభలో తమకంటే పూజ్యులెవరు, ఒక్కసారి మధ్యలో నిలబడితే మాకూ కళ్లపండువ అని మునగచెట్టు ఎక్కించాడు.

ఆచార్యుడు చివరి కొమ్మదాకా ఎక్కాడు. ముంగిలి మధ్యకెళ్లి, కళ్లు అరమోడ్చి, అభయహస్తం పట్టి నిలబడ్డాడు. గానుగ దగ్గర చేసినట్టే రేవమ్మ ఎద్దు కళ్లకు గంతలు కట్టి వీపు తట్టింది. ఎద్దు కదిలింది. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు. జనం చేతులు జోడించారు. రాజు కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాగిలి ఎద్దుని ఆపించి, ఆచార్యుణ్ణి మర్యాదగా పక్కకు జరిపాడు. ఆయన నిలబడ్డచోట ఎద్దు పేడ ఎత్తిపోసే గంప తెచ్చి పెట్టాడు. రేవమ్మ మళ్లీ వీపు తట్టింది. అదే నడక, అదే భక్తి. ఏడు చుట్లు తిరిగినా ఎద్దు ఆగలేదు.

"ఆచార్యా, తమరికి మూడు చుట్లు, గంపకి ఏడు. ఎవరు ఎక్కువ పూజ్యులో తమరే తేల్చాలి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. రాజు పెదవి కొరుక్కున్నాడు, ఆపుకోలేక పగలబడి నవ్వాడు. ఆ నవ్వులోనే కాస్త సిగ్గుపడ్డాడు కూడా.

"పది రోజులు దీని గిట్టలకు మొక్కానే నాగిలీ," అన్నాడు.

తండ్రి మీద ప్రేమతో పెట్టిన మొక్కు వృథా పోదని, దాన్ని అరిసెలకు వాడుకున్నవాడిదే తప్పని నాగిలి అన్నాడు.

రేవమ్మకి ఎద్దుతో పాటు ఏడాదికి సరిపడా నువ్వులు ఇప్పించాడు రాజు. తన చేతి కంకణం తీసి నాగిలికి తొడిగాడు. చిక్కిపోయిన ఎద్దు తేరుకునే పది రోజులూ మహామేధుడు పీఠం దిగి రేవమ్మ గానుగ తిప్పాలని తీర్పు చెప్పాడు.

సాయంత్రం రాజు స్వయంగా చూడటానికి వెళ్లాడు. ఆచార్యుడు కాడి పట్టుకుని, చెమటలు కక్కుతూ గుండ్రంగా తిరుగుతున్నాడు. పక్కన ఎద్దు తీరిగ్గా తెలగపిండి నములుతూ ఆయన్నే చూస్తోంది.

"నాగిలీ, ఈయన పోయిన జన్మలో ఎవరై ఉంటాడంటావు?" అన్నాడు రాజు.

"పోయిన జన్మ సంగతి నాకు తెలియదు ప్రభూ. వచ్చే జన్మకి మాత్రం ఇప్పట్నుంచే సాధన మొదలెట్టారు."