అయిదో కట్ట

నెమలిగుట్ట రాజు రుద్రభూపాలుడికి మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. జబ్బేమీ లేదు. ఇంట్లో పంక్తి విడిపోయింది, అంతే. రాజమాత భోజనం ఒక గదిలో, రాణిగారి భోజనం ఇంకో గదిలో. ఇద్దరికీ మధ్య ఒక తాటాకు పుస్తకం.

ఆ పుస్తకం రాసింది సోమిదేవయ్య అనే బక్కపలచని మనిషి. ఎనిమిదేళ్ళు కూర్చుని ఒకే కుటుంబం కథ రాశాడు. నలుగురు అన్నదమ్ములు, ఒక తల్లి, నడింట్లో లేచిన ఒక గోడ. మొత్తం అయిదు కట్టలు. ఒక్కో కట్ట ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి.

ఉన్నది ఒకే ప్రతి. కోటలో చేతులు మారుతూ తిరిగింది. తిరిగిన చోటల్లా తగువే. ఇళ్ళలో పెద్దకొడుకులు "ఇది అన్నలను ఆడిపోసుకునే రాత" అన్నారు. చిన్నకొడుకులు "మా ఇంటి దూలమెక్కి కూర్చుని విన్నట్టు రాశాడు" అని కళ్ళు తుడుచుకున్నారు. అత్తలకు గిట్టలేదు. కోడళ్ళ చేతికి పోయిన కట్ట ఒక పట్టాన తిరిగి రాలేదు.

చివరికి రాజు విసిగిపోయి సభ పిలిచాడు. తెర వెనక ఆడవాళ్ళు కూర్చున్నారు.

"ఇవాళ తేలిపోవాలి. పుస్తకం మంచిదైతే సోమిదేవయ్యకు బంగారు కంకణం. చెడ్డదైతే అయిదు కట్టలూ స్నానాల కాగు కిందికి. నా ఇంట్లో మళ్ళీ దాని మాట వినపడకూడదు."

పెరట్లో కాగు పొగ సభలోకే కనబడుతోంది. సోమిదేవయ్య స్తంభం పట్టుకుని నిలబడ్డాడు.

ముందు లేచింది ఆస్థాన పండితుడు త్రిలోచనశాస్త్రి. భుజాన జరీ శాలువా.

"ప్రభూ, ఆసాంతం చదివాను. ఏడుపు, గోడ, మళ్ళీ ఏడుపు. ఆ చివరి కట్ట మరీ ఘోరం. ముగించి తలస్నానం చేశాను."

దండనాయకుడు పెదబసవడు మీసం మీది చెయ్యి తీసి లేచాడు.

"శాస్త్రిగారిది రాతిగుండె. ఆ చివరి కట్ట చదివి నేను రెండు పూటలు మెతుకు ముట్టలేదు. ఆకు ఆకు మీదా నా కన్నీటి చుక్క ఉంది."

"అందుకే కాబోలు ఆకులు ముక్కిపోయాయి."

"మీ తమ్ముడి వాటా సంగతి అందులో ఉందని మీకు ఉడుకు."

సభ రెండు ముక్కలైంది. రాజు తల పట్టుకుని, కట్టలు మోసుకొచ్చి మూల నిలబడ్డ అచ్చక్క వైపు చూశాడు.

అచ్చక్క పుస్తకాల కొట్టులో మసి పూసే మనిషి. ఘంటంతో గీసిన గీత ఆకు రంగులోనే ఉంటుంది, కంటికి ఆనదు. అచ్చక్క మసి రుద్ది గుడ్డతో తుడిస్తే అప్పుడు లేస్తుంది అక్షరం. డెబ్బై ఏళ్ళు. పేరు రాయమంటే రెండక్షరాలు రాసి మూడోదానికి ఆగుతుంది. కానీ ఆకు అంచు నువ్వుగింజంత వంకరున్నా కట్టకు తాడు వెయ్యదు. పడ్డ మాటా మరిచిపోదు.

పన్నెండేళ్ళ కిందట పెద్దరాజుగారు ఆమెకు జరీ శాలువా కప్పబోతే, "మసి చేతులకు జరీ ఎందుకు ప్రభూ" అన్నాడు శాస్త్రి. సభ నవ్వింది. శాలువా వెళ్ళి శాస్త్రి భుజం మీద కూర్చుంది. ఇవాళ కూర్చున్నదీ అదే.

"అచ్చక్కా, కట్టలన్నీ నీ చేతి మీదుగానే వెళ్ళాయి. నువ్వేమంటావు?" అన్నాడు రాజు.

"నాది కూడబలుక్కునే చదువు దొరా. తీర్పు చెప్పలేను. పెద్దలను ఒక్క మాట అడుగుతాను." ఆమె శాస్త్రి వైపు తిరిగింది. "చివరికి ఆ గోడ ఏమైంది బాబూ?"

"కూలింది. ఇంకేమవుతుంది?"

"కూలలేదు," అన్నాడు దండనాయకుడు. "తల్లి దానికి ఆనుకునే ప్రాణం విడిచింది."

సోమిదేవయ్య ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు. కథలో ఆ రెండూ లేవు.

అచ్చక్క అయిదో కట్ట తాడు విప్పి, ఒక ఆకు తీసి రాజు చేతిలో పెట్టింది. రాజు దాన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"ఇందులో ఏమీ లేదే."

"ఉంది దొరా. నేను మసి పూయలేదు."

"ఈ ఒక్క ఆకుకేనా?"

"కట్ట మొత్తానికీ. చదవకుండా తిట్టడం, చదవకుండా పొగడడం ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నా. ఈసారి కట్ట విప్పినవాళ్ళు నా కొట్టుకొచ్చి, 'ముసలీ, ఆకులు బోడిగా ఉన్నాయేమే' అని అరుస్తారు కదా, చెంపలేసుకుని పూసిద్దామని మసి కలుపుకుని కూర్చున్నా. నలభై రోజులు. మసి ఎండిపోయింది గాని అరిచినవాళ్ళు లేరు."

శాస్త్రి గొంతు సవరించుకున్నాడు. దండనాయకుడు పైకప్పు చూశాడు.

"ఆయన తలస్నానం చేసిందీ, ఈయన అన్నం మానిందీ వట్టి తాటాకులకే దొరా."

సభ గొల్లుమంది. రాజు నవ్వు ఆపుకుని తెర వైపు తిరిగాడు.

"అమ్మా, మరి మీరు?"

తెర కొంచెం కదిలింది.

"రెండో కట్ట నెల్లాళ్ళు నీ పెళ్ళాం తలగడ కిందే ఉంది నాయనా. నేను మొదటిదాంతోనే ఆగిపోయాను," అంది రాజమాత. పక్కనే రాణిగారి గాజులు గలగలలాడాయి. అత్తా కోడళ్ళు ఒకే నవ్వు నవ్వారు.

"కాగు కింద పిడకలు వేసుకోండి," అన్నాడు రాజు. "రేపటినుంచి మొదటి కట్ట దగ్గర మొదలుపెట్టి శాస్త్రిగారు ఒక ఆకు, దండనాయకుడు ఒక ఆకు, సభలో పైకి చదువుతారు. కంకణం మాట ఆ తరవాత. అందరం వినే ఏడుద్దాం, వినే తిడదాం."

సోమిదేవయ్య స్తంభం వదిలాడు.

"అచ్చక్కా, నీకేం కావాలి?"

"అయిదో కట్ట పూయాలి కదా దొరా. తుడవడానికి గుడ్డ లేదు. శాస్త్రులుగారి భుజం మీదిది ఇప్పించండి."

శాస్త్రి ఒక్కో మడతా దించి, తల తిప్పుకుని ఇచ్చాడు. అచ్చక్క మసి చేతులు చీరకు శుభ్రంగా తుడుచుకుని, శాలువా అందుకుని, దులిపి, కప్పుకుంది.

"తుడవడానికన్నావు?" అన్నాడు రాజు.

"జరీ ఆకును గీకుతుంది దొరా. మసి గుడ్డగా పనికిరాదు. భుజానికే పనికొస్తుంది."

ఈసారి సభలో అందరికంటే గట్టిగా నవ్వింది రాజుగారే.